సాలూరు ఘాట్‌లో లారీ ఎక్కిన డ్రోన్

కొత్త జిల్లాలు గీసిన ఏడు మా రాజాం ఒక రాత్రి శ్రీకాకుళం జిల్లాలో పడుకుని, తెల్లారేసరికి విజయనగరం జిల్లాలో లేచింది. ఊరుకి ఊరే కూర్చున్న చోటి నుంచి కదలకుండా అంత ప్రయాణం చేసేస్తే, మోటారు సైకిల్ మీద సాలూరు దాకా వెళ్లొచ్చి దాన్ని యాత్ర అంటే నవ్వుతారని తెలుసు. నవ్వండి. నేను మాత్రం ఒకే రోజు రెండు దారుల్లో వెళ్లాను. ఒకటి రోడ్డు మీద, ఇంకొకటి గాలిలో. గాలిలో దారి మధ్యలో ఒక లారీ కూడా తగిలింది. అది దాని చోట చెబుతాను.

నేను రాజాంలో బండి సీట్లకు కవర్లు కుడతాను. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారూ నేనూ ఒకరి మీద ఒకరు ఆశ వదులుకున్నాం. అప్పటి నుంచి ఇదే పని. ఆదివారం కొట్టు కట్టేసి బండేసుకుని ఎటో ఒకవైపు పోవడం, ఆ దారి వీడియో తీసి నలుగురికీ చూపించడం నా సరదా. ఫోన్‌తో తీస్తే నా హ్యాండిలూ, నా ముందు పోయే ట్రాక్టర్ వెనకభాగమూ తప్ప ఏమీ కనపడేది కాదు. అందుకే పెళ్లిళ్లు తీసే ఒక ఫొటోగ్రాఫర్ కొత్త డ్రోన్ కొనుక్కున్నప్పుడు ఆయన పాతది నేను పుచ్చుకున్నాను. రెక్కలు మడిస్తే టిఫిన్ డబ్బాలో పడుతుంది. మనల్ని గుర్తుపెట్టుకో అని ఒక మీట నొక్కితే చాలు, బండి ఎటు పోతే అటు మన వెనకాలే ఎగురుకుంటూ వస్తుంది. అంత బుద్ధిగా నా మాట విన్నది ఈ భూమ్మీద అదొక్కటే.

ఇంతకీ సాలూరు ఎందుకంటే, మా పైడితల్లక్క ఫోన్ చేసింది.

అక్క మొగుడు గౌరినాయుడు బావ సాలూరు లారీ డ్రైవరు. ఒడిశా వైపు ఎక్కే ఘాట్ రోడ్డు ఆయనకి ఇంటి వసారా లాంటిది. నిరుడు లోడుతో దిగుతుంటే బ్రేకులు పట్టలేదు. లోయ వైపు పోనివ్వకుండా లారీని కొండకేసి రాసి ఆపాడు. బావకీ, పక్కనున్న క్లీనరుకీ గీతలు తప్ప ఏమీ కాలేదు. బాగుచేశాక లారీ మళ్లీ రోడ్డెక్కింది. బావ ఎక్కలేదు. అప్పటి నుంచి ఒక టైర్ల కొట్టులో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. లారీ స్టాండ్ వైపు కూడా వెళ్లడం మానేశాడు.

"ఒరే శ్రీనూ, ఆయన ఇంట్లో మాటాడి ఎన్నాల్లైందో తెల్సా? ఘాట్ పేరెత్తితే లేసి ఎలిపోతన్నాడు. ఒక్కపాలి పైకి తీసుకెల్లరా. ఏ వంక సెప్తావో నీ ఇష్టం. అబద్దాలాడ్డం నీకు నాను నేర్పాలేటి?"

వంక సిద్ధంగానే ఉంది. డ్రోన్ ఎగరేసేవాడు బండి నడపలేడు. నడిపేవాడు ఎగరేయలేడు. నాకు ఒక మనిషి కావాలని బావకి చెప్పాను. ఫోన్‌లో అటువైపు చాలాసేపు టైరు విప్పుతున్న చప్పుడు వినపడింది. చివరికి "సర్లే, రా" అన్నాడు.

కార్తీకం చివరి ఆదివారం, పొద్దున్న ఆరింటికి రాజాంలో బయల్దేరాను. మంచు ఇంకా పొలాల మీదే ఉంది. సంచిలో డ్రోను, రెండు అదనపు బ్యాటరీలు, ఒక తువ్వాలు. తువ్వాలు మర్చిపోకండి. అది పరిచి దాని మీంచి ఎగరేస్తే దుమ్ము రెక్కల్లోకి పోదు. ఇంకొక మాట. మీ ఊరి నుంచి బయల్దేరే ముందే ఫోన్‌లో మ్యాపు చూసుకోండి, ఎక్కడ ఎగరేయకూడదో ఎర్రగా చూపిస్తుంది. భోగాపురం ఎయిర్‌పోర్టు వైపు అసలు చూడకండి. విమానాలకు మనమంటే సరదా లేదు.

బొబ్బిలి ఇంకా రాకముందే ఒకచోట రోడ్డు ఖాళీగా దొరికింది. రెండు పక్కలా కోసిన వరి పనలు. డ్రోన్‌ని లేపి, వెంట రమ్మని చెప్పి, బండి కదిలించాను. తర్వాత చూసుకుంటే వీడియో ఎంత బాగుందంటే, అందులో వెళ్తున్నది నేనంటే నాకే నమ్మకం కలగలేదు. దించి తువ్వాలు దులుపుతుండగా గట్టు మీంచి ఒక పెద్దాయన పరుగులాంటి నడకతో వచ్చాడు.

"బాబూ, సర్వేవోల్లా? నా గట్టు ఆ పక్కోడు తినేసినాడు. పైనుంచి కనపడిందా లేదా?"

"నాను సర్వేవోన్ని కాదు మావా, సీటు కవర్లు కుడతాను."

ఆయన నన్నూ డ్రోన్‌నీ మార్చి మార్చి చూశాడు. "సీటు కవర్లు కుట్టేవోడికి ఆకాసంలో ఏటి పని?" అన్నాడు. గట్టు పోయిందో లేదో వీడియోలో ఇద్దరం వెతికాం. పోలేదు. ఆయనకి అది నచ్చలేదు. డ్రోన్‌తో తిరిగేవాళ్లు ఈ ఒక్క సంగతికి సిద్ధపడి ఉండాలి. మా వైపు భూముల కొలతకు కూడా డ్రోన్లే వస్తాయి కాబట్టి, ఎక్కడ ఎగరేసినా ఎవరిదో ఒకరి గట్టు తగాదా మీ దగ్గరికి నడిచి వస్తుంది.

బొబ్బిలిలో టీ. రామభద్రపురం దాటాక పెద్ద రోడ్డు. ఎనిమిదిన్నరకి సాలూరు. ఊరు చేరినట్టు బోర్డు చెప్పక్కర్లేదు. రోడ్డు పక్కన లారీ బాడీలు కట్టే షెడ్లు, రేకు మీద సుత్తి దెబ్బలు, రంగుల వాసన, టైర్ల గుట్టలు మొదలవుతాయి. ఇక్కడ మనుషుల కంటే లారీలకే చుట్టాలు ఎక్కువ.

అక్క ఇడ్లీ, అల్లప్పచ్చడి పెట్టింది. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారుగా ఉన్నాడు గానీ, ఇడ్లీ మటుకు ముట్టుకోలేదు. నా బండి సీటు వేలితో నొక్కి చూసి, "కుట్టు బాగానే ఉన్నాది" అన్నాడు.

సాలూరులో ఏ కొత్త బండి అయినా పూజ కాకుండా ఘాట్ ఎక్కదు. నా బండి అక్కకి కొత్తదే. నిమ్మకాయలు తొక్కించింది, కొబ్బరికాయ కొట్టింది, హెడ్‌లైట్‌కి పసుపు రాసి బొట్టు పెట్టింది.

"అదేటి, ఆ సంచిలోది? అదీ ఎగురుతాది కదేటి? ఇలా తే."

డ్రోన్ తీసుకుని దేవుడి గదిలోకి వెళ్లింది. బయటికి వచ్చేసరికి దాని నెత్తిన చక్కటి కుంకుమ బొట్టు. ముద్దొచ్చింది. తిప్పి చూడకుండా సంచిలో పెట్టేసుకున్నాను. అది నేను చేసిన పొరపాటు. మీరు చేయకండి.

ఊరు దాటి చెక్‌పోస్టు దాకా బావే నడిపాడు. బాగా నడిపాడు. కొండ మొదలయ్యే చోట బండి పక్కకి తీసి, దిగి, తాళం చెవి బండికే వదిలేసి వెనక సీటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నువ్వు తోలు. నాకు నడుం నొప్పి."

"ఇందాకటి దాకా లేదు కదా బావా."

"ఇప్పుడొచ్చినాది. ఎటకారాలాడక తోలు."

తోలాను. వంపు మీద వంపు. కింద పొలాలు చిన్నవవుతున్నాయి, చల్లగాలి మొదలైంది. వెనక బావ చేతులు సీటు కింది కడ్డీని పట్టుకుని ఉన్నాయి. ప్రతి మలుపు దగ్గరా ఆ పట్టు బిగుసుకోవడం నాకు సీటులోంచి తెలుస్తోంది. సీట్లు కుట్టేవాణ్ని కదా. ఇంకొక మలుపు ఎక్కితే ఆయన లారీ ఆగిన చోటు వస్తుంది. అంతకు ముందే రోడ్డు వెడల్పుగా ఉన్న చోట బండి ఆపాను. అక్కడొక ఆవిడ తట్టలో సీతాఫలాలు పెట్టుకుని కూర్చుంది. కొంచెం ముందు ఒక లోడు లారీ ఇంజను చల్లారడానికి ఆగి ఉంది. నల్ల టార్పాలిన్ కట్టిన బియ్యం లోడు. డ్రైవరు కిందకి దిగకుండా లోపలే కునుకు తీస్తున్నాడు.

నా లెక్క ఇది. ఇక్కడి నుంచి కిందకి బావని రెండు మలుపులు నడపమంటాను, డ్రోన్‌తో తీస్తాను. ఊపు వచ్చాక పైకి పంపిస్తాను. లెక్కల్లో నా పాండిత్యం ముందే చెప్పాను.

తువ్వాలు పరిచి డ్రోన్ లేపాను. లేచింది. ముందుకు పొమ్మన్నాను. పోలేదు. మళ్లీ నొక్కాను. ముందు గోడ ఏదో ఉన్నట్టు అక్కడే వణికి, నెమ్మదిగా వెనక్కి జరగడం మొదలెట్టింది. రిమోట్ స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఇంగ్లీషు. నేను ఒక్కొక్క అక్షరమూ కూడబలుక్కుని చదివేలోగా అవి పోయి ఇంకేవో వచ్చాయి.

"జోరీగలా రొద పెడతంది గానీ ముందుకెల్దేటి బాబూ?" అంది సీతాఫలాల ఆవిడ.

"దానికి సిగ్గు" అన్నాను.

గాలి దాన్ని రోడ్డు మీదికి, రోడ్డు మీంచి లారీ మీదికి తోస్తోంది. లోయ వైపు పోతే ఇక దొరకదు. కంగారులో దిగమనే మీట నొక్కేశాను. దిగింది. బియ్యం లోడు మీద, టార్పాలిన్ నట్టనడుమ, పిట్ట గూట్లో వాలినట్టు దిగి రెక్కలు ఆపేసింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. సరిగ్గా అప్పుడే లారీ డ్రైవరు కునుకు పూర్తయింది.

అరిచాం. ముగ్గురం అరిచాం. లోడు లారీ మొదటి గేరులో చేసే రొద ముందు మా అరుపులు ఏపాటి? మళ్లీ ఎగరమని రిమోట్ నొక్కుతున్నాను. ఎర్ర అక్షరాలు ఒప్పుకోవడం లేదు. తాళం చెవి కోసం జేబులు తడుముకుంటున్నాను. అది బండికే ఉంది. వెనక నా బండి స్టార్టయిన చప్పుడు.

బావ. హెల్మెట్ పెట్టుకుని, నా వైపు చూడకుండా, పైకి పోయాడు.

డ్రోన్ రెక్కలు ఆగినా కెమెరా ఆగలేదు. దాని ముక్కు వెనక్కి, మా వైపు తిరిగి ఉంది. అంటే లారీ మీంచి వెనక రోడ్డు మొత్తం నా చేతిలో కనపడుతోంది. ముందు నేను కనపడ్డాను, నోరు తెరుచుకుని, చిన్నవాణ్ని అయిపోతూ. తర్వాత బావ. ఆయన హెల్మెట్ ముఖం కనపడేది. లారీ మెల్లగా ఎక్కుతోంది, ఆయనా మెల్లగా ఎక్కుతున్నాడు, దాటడానికి చోటు లేదు. నిరుడు కొండకి బావ లారీ రాసుకున్న గీత ఇంకా ఉంది. తెరలో ఆ గీత పక్కకి వచ్చింది, దాని ముందు బావ ముఖం వచ్చింది. సరిగ్గా అక్కడ బొమ్మ బిగుసుకుని, గళ్లు గళ్లుగా విడిపోయి, పోయింది. మధ్యలో కొండ అడ్డం.

ఫోన్ చూస్తే సిగ్నల్ లేదు. చేయడానికేమీ లేక తువ్వాలు మడతపెట్టాను. ఆవిడ ఒక సీతాఫలం చీల్చి సగం నాకిచ్చింది.

"ఎవులు ఆయన?"

"మా బావ. ఈ ఘాట్ అంటే బయం. సంవత్సరమైంది ఎక్కి."

"బయమున్నోడు మరెందుకెల్లినాడు?"

"నా జోరీగ కోసం."

"అయితే వస్తాడు. బేగి రాడు, గానీ వస్తాడు" అంది. గింజలు లోయలోకి ఉమ్ముకుంటూ కూర్చున్నాం. లారీలు ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. అంతటి కొండ, అంతటి పచ్చదనం, అక్కడక్కడా ఎర్రమట్టి. ఆ పూట వీడియో తీసే పనిలేదు కాబట్టి నేను దాన్ని మొదటిసారి కళ్లతో చూశాను. ఎక్కడం సరే. ఆయనకి జరిగింది దిగేటప్పుడు. అక్క నన్ను పంపింది ఆయన్ని పైకి తీసుకెళ్లమని. కిందకి ఎలా తేవాలో అక్కా చెప్పలేదు, నేనూ అడగలేదు. పైన బండి పడేసి ఒడిశా బస్సెక్కి కూర్చుంటే?

నా సీతాఫలం ఎప్పుడో అయిపోయింది. ఆవిడ తల పైకెత్తింది. "అగ్గో, మీ బండి. గేర్లోనే దింపుతన్నాడు. ఆయనకి తొందరేటీ లేదు."

పై మలుపు తిరిగి బావ కనపడ్డాడు. కొండ మీద గీత ఉన్న చోట బండి ఆపాడు. ఇంజను కూడా కట్టేశాడు. దిగలేదు, అలాగే కూర్చున్నాడు. పిలుద్దామని నోరు తెరిస్తే ఆవిడ నా మోచేయి పట్టుకుంది. కాసేపటికి బావ మళ్లీ స్టార్ట్ చేసి, పొడుగ్గా ఒక హారన్ కొట్టి, దిగి వచ్చాడు. చొక్కా గుండీల్లోంచి డ్రోన్ తీసి నా చేతిలో పెట్టాడు.

"పైన సుంకి ఊరి కాడ లారీవోడు టీకి ఆపినాడురా. సూస్తే మన స్టాండ్‌లో లారీ తోలే తవుడు. 'ఒరే గౌరీ, నువ్వేటి ఇక్కడ' అన్నాడు. 'నీ లోడు మీద మా బావమరిది జోరీగ ఉన్నాది, దించు' అన్నాను. టీ తాగినాక గుర్తొచ్చినాది, ఎక్కడున్నానో."

"మరెలా దిగినావు?"

"దిగకపోతే అక్కడే కూకుని ఒడియా నేర్సుకోవాలి కదా" అన్నాడు. సంవత్సరం తర్వాత మా బావ వేసిన మొదటి జోకు అది. ఆవిడ నా కంటే ముందు నవ్వింది.

అప్పుడు తిప్పి చూశాను. డ్రోన్‌కి ముందు రెండు, కడుపు కింద రెండు చిన్న కళ్లుంటాయి. ఎదురుగా ఏముంది, నేల ఎంత దూరం అని అది చూసుకునేది వాటితోనే. ఆ నాలుగింటి మీదా పసుపు, పసుపు మీద కుంకుమ, ఎక్కడా చెదరకుండా అక్క దిద్దింది. కెమెరాని మాత్రం, గాజు కదా గీత పడుతుందని జాగ్రత్తగా వదిలేసింది. చొక్కా అంచుతో తుడిచాను. బావ వారించాడు. "అంతా తుడవకు. నెత్తిది ఉంచు."

ఇంకొక బ్యాటరీ వేసి, బావని పైకొకసారి కిందికొకసారి తీశాను. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడే, పక్కగా ఎత్తులో ఉంచి తీశాను. లారీ డ్రైవరు ఆకాశం వైపు చూడకూడదు, అది గుర్తుపెట్టుకోండి. ఆ వీడియో చక్కగా వచ్చింది. చక్కగా వచ్చిన వీడియోల గురించి చెప్పడానికేమీ ఉండదు.

మధ్యాహ్నం సాలూరులో భోజనం. అక్క వడ్డిస్తూ డ్రోన్ వైపే చూస్తోంది.

"బొట్లు తుడిసేసినావేటిరా?"

"అవి దాని కల్లక్కా. నువ్వు కల్లు మూసేసినావు, అది గుడ్డిదై పోయి లారీ ఎక్కేసినాది."

"దిష్టి కల్లకి కాక కాల్లకి తగులుతాదేటి?" అంది. ఆ తర్వాత బావ విస్తరి వైపు చూసింది. ఆయన మారు అన్నం అడిగాడు. "ఎక్కనీ. అదెక్కితేనే కదా మీ బావ ఎక్కినాడు" అని నాకు వినపడేలా గొణిగి, ఆయనకి వెయ్యాల్సిన దాని కంటే ఎక్కువే వేసింది.

మూడింటికి బయల్దేరాను. రామభద్రపురం కూడలిలో టీ కోసం ఆగి, డ్రోన్ లోపలి కార్డు ఫోన్‌కి తగిలించి చూశాను. లారీ మీంచి తీసిందంతా అందులో ఉంది, నాకు తెర ఆగిపోయిన తర్వాతది కూడా. మామూలుగా డ్రోన్ మన వీపు తీస్తుంది. ఇది ముఖం తీసింది. గీత ఉన్న మలుపులో బావ పెదాలు కదులుతున్నాయి. పై మలుపులో కూడా. ప్రతి మలుపులోనూ అంతే. డ్రోన్‌కి చెవులు లేవు, మాట వినపడదు. దేవుణ్ని తలుచుకుంటున్నాడా, నన్ను తిడుతున్నాడా? మళ్లీ మళ్లీ చూసి, ఇక ఉండబట్టలేక ఫోన్ చేశాను. ఎత్తాడు. వెనక హారన్లు, ఎవరో ఎవరినో బూతులు తిడుతున్న సందడి.

"ఎక్కడున్నావు బావా?"

"స్టాండ్ కాడ. టీ తాగుదారని వచ్చినాను. తవుడు లోడు దించేసి ఘాట్ దిగినాడు. ఏటి సెప్పు."

"మలుపుల కాడ ఏటో అంటన్నావు వీడియోలో. ఏటది?"

ఆయన నవ్వాడు. "పక్కన కూకున్న క్లీనరు దారి కాలీగా ఉన్నాదని సెప్పాలి కదరా, ఎడం కాలీ, రైట్ రైట్ అని. ఆ కేక ఇనకుండా నాను ఏ మలుపూ తిరగలేదు ఇన్నాల్లూ. ఎనక సీటు సూస్తే కాలీ. అందుకే నానే సెప్పుకున్నాను, నానే ఇన్నాను."

ఎవరో ఆయన్ని "గౌరీ" అని పిలిచారు. "ఉంటాను" అని పెట్టేశాడు.

బొబ్బిలి దాటాక పొద్దున్నటి పెద్దాయన తన గట్టు మీదే ఉన్నాడు. చెయ్యి ఊపాను. నన్ను గుర్తుపట్టి ఆకాశం వైపు చూశాడు. అక్కడేమీ లేదు, డ్రోన్ సంచిలో నిద్రపోతోంది. నెత్తిన బొట్టు అలాగే ఉంది. ఇన్ని దార్లు తిరిగాను, ఇన్ని వీడియోలు తీశాను. అన్నిట్లోనూ దూరంగా పోతున్న నా వీపే. మా అక్క దాని నాలుగు కళ్లూ పసుపుతో మూసేసిన పూట మాత్రం కెమెరా ఎదురుగా వస్తున్న మనిషిని చూసింది.

మా ఊరి రోడ్డుకి చెప్పుకోదగ్గ మలుపులు లేవు. ఉన్న ఒక్కటీ రాజాం పొలిమేరలో వస్తుంది. దాని దగ్గర, ఎవరూ లేకుండా చూసుకుని, "ఎడం కాలీ" అని గట్టిగా అన్నాను. "రైట్ రైట్" అని నేనే జవాబిచ్చుకుని బండి తిప్పాను.